మా తాతకు లేని తేదీ

డల్లాస్ నగర శివారులో నేను పనిచేసే పార్శిల్ కేంద్రంలో, హాజరు గడియారం పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. దాని మీద ముఖ్యమైనవి రెండే వివరాలు: మనిషి పేరు, పనిలో చేరిన తేదీ. ఏ డ్రైవరుకు ఏ రూటు దక్కుతుందో, వేసవి సెలవులు ఎవరు ముందు కోరుకుంటారో, పని తగ్గినప్పుడు ఎవరు ముందు ఇంటిముఖం పడతారో ఆ తేదీయే తేలుస్తుంది. దాన్ని సీనియారిటీ జాబితా అంటారు. 2023 చివర్లో, నా నలభై ఏడో ఏట, యూపీఎస్ డ్రైవరుగా నా పేరు ఆ జాబితాలో అట్టడుగున చేరింది. ఆ రోజు ఆ కాగితం ముందు కాసేపు నిలబడిపోయాను. అడుగున ఉండడం మావాళ్ళకు కొత్త కాదు. పైకి వెళ్ళే దారి ఉన్న జాబితాలో అడుగున ఉండడం మాత్రం మా వంశంలో నాతోనే మొదలు.

మా తాత చేసిన పనీ ఇదే. నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో ఆయన వెట్టి. పటేలు ఇచ్చిన కాగితాన్ని పొరుగూరి పటేలుకు చేర్చాలి. పట్వారీ దస్త్రాల మూటను తాలూకా కచేరీ దాకా మోయాలి. ఊరికి వచ్చిన అధికారి సామానును మరుసటి మజిలీకి తరలించాలి. పెద్ద కులాల ఇళ్ళలో ఎవరైనా పోతే ఆ చావు కబురును చుట్టపు ఊళ్ళన్నిటికీ కాలినడకన తీసుకువెళ్ళాలి. మాదిగవాడలోని కుటుంబాలు వంతులు వేసుకుని ఇంటికొక మనిషిని ఈ పనికి ఒప్పజెప్పేవి. కూలి లేదు, వేళ లేదు, రానని చెప్పే హక్కు లేదు. ఆయన పనిలో చేరిన తేదీ ఏ దస్త్రంలోనూ లేదు. పుట్టుకతోనే చేరిన పనికి తేదీ ఎవరు రాస్తారు?

ఆయనదీ నాదీ మోత పనే. ఈ రెండు మోతల మధ్య తేడా ఎంతవరకు నిజమో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. పరాయి దేశంలో బాగుపడిన కథ వినిపించడం నా ఉద్దేశం కాదు. కుల నిర్మూలన గురించీ కార్మిక సంఘాల గురించీ విడివిడిగా చదువుకుంటున్న విద్యార్థి మిత్రులు ఆ రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టి చూడాలన్నది నా కోరిక.

మా పెద్దక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొంది 1998లో అమెరికా వెళ్ళింది. పౌరసత్వం వచ్చాక 2004లో తోబుట్టువుల కోటాలో నా పేరున దరఖాస్తు పెట్టింది. ఆ వరుసలో నా వంతు రావడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఈలోగా ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం ఎం.ఏ. చేశాను, ప్రైవేటు డిగ్రీ కళాశాలల్లో పాఠాలు చెప్పాను, దండోరా సభల్లో కరపత్రాలు పంచాను. 2019లో భార్యాపిల్లలతో డల్లాస్ చేరాక ఆ డిగ్రీ గురించి అడిగిన వారు లేరు. క్రిస్మస్ రద్దీ కోసం మనుషులను తీసుకుంటున్నారని తెలిసి లోడరుగా చేరాను. తెల్లవారుజామున మూడున్నరకు పని మొదలు. బెల్టు మీద వచ్చే పెట్టెలను డెలివరీ వాహనాల అరల్లో వరుస తప్పకుండా సర్దాలి. అరలకు వెయ్యి నుంచి ఎనిమిది వేల దాకా అంకెలుంటాయి. ఒక్కో పెట్టె బరువు 150 పౌండ్ల దాకా, అంటే 68 కిలోల దాకా ఉండవచ్చు.

మూడో వారంలో, విరామ సమయంలో, షాప్ స్టీవార్డ్ నా దగ్గరికి వచ్చాడు. పనిచోట సంఘం తరఫున కార్మికులకు అండగా నిలిచే ప్రతినిధిని ఆ పేరుతో పిలుస్తారు. ఆయన నల్లజాతి మనిషి, ముప్పై ఏళ్ళ సర్వీసున్న డ్రైవరు. చేతిలో సంఘం కార్డు పెట్టి ఒక మాట నిజాయితీగా చెప్పాడు: చేరకపోయినా ఒప్పందం నీకూ వర్తిస్తుంది, ఆలోచించుకో. టెక్సాస్‌లో 1947 నుంచి 'పని హక్కు' అనే ముద్దుపేరుతో ఒక చట్టం అమలులో ఉంది. సంఘంలో చేరమని, చందా కట్టమని అక్కడ ఎవరినీ నిర్బంధించరాదు. అయినా సంఘం సాధించిన వేతనాన్ని, ఆరోగ్య బీమాను చేరనివాడికి కూడా ఇవ్వవలసిందే. చందా నెలకు రెండున్నర గంటల కూలి. ఊరికే దొరికేదానికి రెండున్నర గంటల చెమట ఎందుకు ధారపోయాలన్న ఆలోచన నాకూ వచ్చింది, దాచను. అయితే ఎదుటివాడి చాకిరీ మీద బతకడమంటే ఏమిటో వెట్టివాడి మనవడికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. విరామం ముగిసేలోగా సంతకం చేశాను.

ఆ సంఘం పేరు టీమ్‌స్టర్స్. 1903లో ఏర్పడింది. టీమ్‌స్టర్ అంటే గుర్రాలనో ఎద్దులనో కట్టి బండి తోలేవాడు. సంఘం చిహ్నం మీద ఇప్పటికీ రెండు గుర్రపు తలలు, ఒక చక్రం ఉంటాయి. 1997 ఆగస్టులో ఈ సంఘానికి చెందిన 1,85,000 మంది యూపీఎస్ కార్మికులు పదిహేను రోజులు సమ్మె చేశారు. పార్ట్‌టైమ్ పేరిట మనుషులను సగం జీవితంలో ఆపేయవద్దన్నది వారి ప్రధానమైన మాట. పదివేల పూర్తికాలపు ఉద్యోగాల హామీతో ఆ సమ్మె ముగిసింది. నాలాంటి లోడరు డ్రైవరు కావాలని ఆశపడగలిగిన దారిని వెడల్పు చేసినవాళ్ళు వాళ్ళే.

నాలుగేళ్ళు లోడింగులో గడిపాక డ్రైవరు ఖాళీకి నా పేరు రాశాను. దరఖాస్తుదారుల్లో నా తేదీ పాతది కనుక వంతు నాకు వచ్చింది. ఇంటర్వ్యూలో మాటకారితనం చూడలేదు, ఎవరి సిఫారసూ అడగలేదు. తరువాత శిక్షణ. బండి నడిపేటప్పుడు చూపును ఎటు, ఎంత దూరం ఉంచాలో చెప్పే ఐదు సూత్రాలను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి. చిన్నప్పుడు చర్చి ఆదివారం బడిలో కంఠత వాక్యాలు చెప్పిన అలవాటు నలభై ఏళ్ళ తరువాత అక్కరకు వచ్చింది. ఆపైన ముప్పై పనిదినాల పరీక్షాకాలం. ఆ రోజుల్లో తీసివేస్తే అడిగే హక్కు లేదు. టెక్సాస్ ఎండ మనకు తెలియనిది కాదు, ఉష్ణోగ్రత నలభై డిగ్రీల చుట్టూ ఆడుతుంది. బండి వెనుక భాగంలోకి వెళితే ఇటుక బట్టీలోకి వెళ్ళినట్టే. రోజుకు నూట యాభైకి పైగా గడపలు. మొదటి నెలలో ఇంటికి వచ్చి బూట్లు విప్పే ఓపిక లేక గుమ్మంలోనే కూర్చుండిపోయిన రాత్రులున్నాయి. ముప్పయ్యో రోజు దాటాక మట్టిరంగు చొక్కా నాది అయింది. పూర్తి వేతనానికి మెట్లు ఎక్కడానికి ఇంకా నాలుగేళ్ళు.

డల్లాస్ ఉత్తర శివార్లలో తెలుగువాళ్ళు వేల సంఖ్యలో ఉన్నారు. నా రూటులో గడప గడపకూ ముగ్గులు, మామిడాకుల తోరణాలు కనిపిస్తాయి. పెట్టెల మీది చిరునామాలు చదువుతుంటే ఒక విచిత్రం గమనించాను. మా కేంద్రంలోని నల్లజాతి, మెక్సికన్, శ్వేతజాతి డ్రైవర్లకు అవి నోరు తిరగని పేర్లు మాత్రమే. నాకు ప్రతి ఇంటిపేరూ ఒక ఊరును, ఒక వీధిని, ఆ వీధిలో మావాళ్ళు ఎంతదూరంలో ఆగాలో కూడా చెబుతుంది. ఆ పెట్టెల మీద కులాన్ని చదవగలిగే డ్రైవరును అక్కడ నేనొక్కణ్ణే.

ఒకరోజు ఒక పెద్దాయన తలుపు తీశాడు. కొడుకు దగ్గరికి ఆర్నెల్లకు వచ్చిన మనిషి. నా తెలుగు విని ముఖం విప్పారింది. మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. "చదువుకున్నవాడిలా ఉన్నావు, ఈ మూటలు మోసే పనేమిటయ్యా నీకు?" అన్నాడు. ఎం.ఏ. చదివానని చెప్పాను. మరింత నొచ్చుకున్నాడు. "ఏ ఊరు? ఎవరి తాలూకు మీరు? ఇంటిపేరు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి "అలాగా" అన్నాడు. ఆ తరువాత నా పని గురించి ఆయన నొచ్చుకోలేదు. ఎం.ఏ. చదివినవాడు మూటలు మోయడంలో ఆయనకు కనిపించిన అసంబద్ధత నా ఇంటిపేరు వినగానే సర్దుకుపోయింది. లెక్క సరిపోయింది. ఏడు సముద్రాల ఇవతల, గంటల లెక్కన నాకు వచ్చే కూలి ఎంతో తెలియకుండానే, మా తాత పనిలోకి నన్ను తిరిగి చేర్చాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. నీళ్ళిచ్చిన చెయ్యి అది. కులం పనిచేయడానికి చెడ్డతనం అక్కరలేదన్నదే నా బాధ.

కులం శ్రమను మాత్రమే విభజించదని, శ్రామికులనే విభజించి ఒకరిపై ఒకరిని మెట్లుగా పేరుస్తుందని అంబేడ్కర్ 1936లోనే వివరించారు. ఏ పని ఎవరు చేయాలో మనిషి పుట్టకముందే తేలిపోయి ఉంటుంది. ఆ మాటను నేను తరగతి గదిలో ఎన్నోసార్లు బోధించాను. దాని పూర్తి బరువు మాత్రం ఆ 'అలాగా'లోనే తెలిసింది.

సంఘం ఇచ్చినదేమిటో తెలిసిన రోజు ఇంకొకటి. పరీక్షాకాలం దాటిన రెండు నెలలకు, ఇరుకు సందులో బండిని వెనక్కి తీస్తూ ఒక ఇంటి ముందున్న ఉత్తరాల డబ్బాను కూల్చాను. తప్పు పూర్తిగా నాదే. మరునాడు ఆఫీసు గదికి పిలిచారు. గది తలుపు దగ్గరికి వెళ్ళేసరికి నా కాళ్ళు సహకరించలేదు. దొర పిలిస్తే గడీ మెట్ల దగ్గర చెప్పులు విప్పి తలవంచి నిలబడే తాత గురించి నాయన చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. గడీలోకి పోయినవాడు ఒంటరిగా పోయేవాడు. లోపల ఏం జరిగిందో బయటికి చెప్పే సాక్షి ఉండడు. నేను గదిలోకి వెళ్ళేసరికి స్టీవార్డ్ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా పక్కన మరో కుర్చీ లాగి కూర్చోమన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. హెచ్చరిక పత్రం ఇచ్చారు, పనిలోకి వెళ్ళాను.

క్రమశిక్షణ చర్యకు దారితీయగల విచారణలో కార్మికుడు తన సంఘం ప్రతినిధిని పక్కన ఉంచుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1975లో తీర్పు చెప్పింది. వీన్‌గార్టెన్ హక్కుగా అది ప్రసిద్ధం. హ్యూస్టన్‌లో ఒక దుకాణపు మహిళా ఉద్యోగిని ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నించిన వ్యవహారం నుంచి ఆ హక్కు పుట్టింది. అంటే ఇదే టెక్సాస్ నేల మీద. గడీకీ ఆఫీసు గదికీ ఉన్న తేడా గోడల్లో లేదు, పక్కన ఉన్న ఆ రెండో కుర్చీలో ఉంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది సంఘానికి స్తోత్రపాఠం అవుతుంది. తేదీకి కులం లేదు, రంగు లేదు అని నేను ఒకసారి మురిసిపోతూ స్టీవార్డ్‌తో అన్నాను. ఆయన నవ్వాడు. తన తండ్రి కథ చెప్పాడు. ఆయన కూడా టీమ్‌స్టరే. 1960లలో ఒక రవాణా కంపెనీలో నగరం లోపల సరుకు చేరవేసే చిన్న బండ్ల డ్రైవరు. ఊళ్ళ మధ్య నడిచే పెద్ద ట్రక్కుల మీద కూలి ఎక్కువ. ఆ పని తెల్లవాళ్ళకే ఇచ్చేవారు. పౌరహక్కుల చట్టం వచ్చాక తలుపు తెరిచారు. అయితే ఒక షరతు ఉంది. పెద్ద ట్రక్కుల జాబితా వేరు, చిన్న బండ్ల జాబితా వేరు. ఇటు నుంచి అటు మారితే పాత సర్వీసు పోతుంది, అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. పదిహేనేళ్ళ సర్వీసున్న మనిషి నిన్న చేరిన కుర్రవాడి కింద నిలబడాలి. ఆయన మారలేదు. చిన్న బండి మీదే రిటైరయ్యాడు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. టైమ్-డీసీ అనే మరో రవాణా కంపెనీ మీద, టీమ్‌స్టర్స్ సంఘం మీద అమెరికా ప్రభుత్వమే దావా వేసింది. 1971 మార్చి నాటికి ఆ కంపెనీలోని 1,828 మంది దూరప్రయాణపు డ్రైవర్లలో నల్లజాతివారు 8 మంది, 'స్పానిష్ ఇంటిపేరు గలవారు' 5 మంది. అవును, కోర్టు పత్రాల్లో వాడిన వర్గం పేరే అది. ఇంటిపేరును చూసి మనిషిని ఆపడం మన ఒక్కరి విద్యే కాదన్నమాట. 1977లో సుప్రీంకోర్టు కంపెనీ వివక్ష చూపిందని నిర్ధారించింది. చట్టం వచ్చిన తరువాత వివక్షకు గురైనట్టు తేలినవారికి గతకాలపు సీనియారిటీ ఇవ్వవచ్చునంది. చట్టానికి ముందు జరిగిన అన్యాయం సీనియారిటీ జాబితా ద్వారా కొనసాగుతున్నా, ఆ జాబితా దురుద్దేశంతో తయారైనది కాకపోతే చెల్లుతుందని కూడా తేల్చింది. తేదీ అబద్ధం చెప్పదు. ఆ తేదీ ఎందుకు ఆలస్యమైందో మాత్రం అది చెప్పదు.

ఈ చిక్కుముడి మనకు కొత్తదేమీ కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత విభాగంలో కూలి ఎక్కువ. తెగిన దారాన్ని నోటితో పీల్చి ఎక్కించాలి కనుక అంటరానివారిని అందులోకి రానివ్వలేదు. 1928 సమ్మె రోజుల్లో అంబేడ్కర్ ఈ సంగతిని కార్మిక నాయకుల ముందు పెట్టారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన దళిత రైల్వే కార్మికుల సభలో ఆయన బ్రాహ్మణవాదాన్ని, పెట్టుబడిదారీ విధానాన్ని రెండింటినీ శత్రువులుగా ప్రకటించారు. రైల్వేలో దళితుడు గ్యాంగ్‌మన్‌గానే ముసలివాడవుతాడని, పోర్టరు పని కూడా దక్కదని అక్కడే ఎత్తిచూపారు. పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో కూడా పనిచేయాలి, ఆ ఇంట్లోకి అంటరానివాడు ఎలా అడుగుపెడతాడు? బరువు మోసే పనిలో కూడా మెట్లున్నాయి. చివరి మెట్టు మీదివాడికి మోసే పని కూడా అన్నీ దొరకవు.

మన రాజ్యాంగ సవరణల చరిత్రలో కూడా ఇదే తేదీల తగాదా ఉంది. పదోన్నతుల్లో దళిత, ఆదివాసీ ఉద్యోగులకు రిజర్వేషన్ కల్పిస్తూ 1995లో 77వ సవరణ వచ్చింది. అదే దశాబ్దంలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులు మరో సూత్రం ముందుకు తెచ్చాయి. రిజర్వేషన్‌తో ముందుగా పైమెట్టు ఎక్కిన ఉద్యోగి, తరువాత ఎక్కిన పాత సీనియరుకు మళ్ళీ జూనియరవుతాడు. ఎక్కిన మెట్టు ఉంటుంది, ఎక్కిన తేదీ చెల్లదు. దీన్ని సరిదిద్దడానికి పార్లమెంటు 2001లో 85వ సవరణ చేసి, పదోన్నతితో పాటు సీనియారిటీ కూడా దక్కుతుందని, అది 1995 జూన్ నుంచే వర్తిస్తుందని స్పష్టం చేసింది. 2006లో నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణలను సమర్థిస్తూనే షరతులు తగిలించింది. ప్రతిభ గురించి గంటల తరబడి వాదించే మిత్రులు ఈ సీనియారిటీ వ్యాజ్యాలను ఒకసారి చదవాలి. అక్కడ తగవు ప్రతిభ మీద లేదు. ఎవరి తేదీ తేదీగా లెక్కకు వస్తుందన్న దాని మీదే ఉంది.

సంఘం తన లోపలి మెట్లను తానే కట్టుకున్న సందర్భం కూడా ఉంది. 2018 యూపీఎస్ ఒప్పందంలో '22.4' అనే కొత్త తరగతి డ్రైవర్లను సృష్టించారు. అదే బండి, అదే చొక్కా, అదే గడప, తక్కువ కూలి. ఓటు వేసినవారిలో 54 శాతం మంది ఆ ఒప్పందాన్ని తిరస్కరించారు. పోలైన ఓట్లు సగం కన్నా తక్కువైతే తిరస్కరణకు మూడింట రెండు వంతులు కావాలన్న పాత నిబంధనను అడ్డుపెట్టుకుని అప్పటి నాయకత్వం దాన్ని అమలు చేసింది. నేను చేరిన కేంద్రంలో ఆ రెండు తరగతుల డ్రైవర్లు ఒకే బల్ల దగ్గర తినేవారు, వారి మధ్య మాట మాత్రం ముభావంగా ఉండేది. 'ఇరవై రెండు పాయింట్ నాలుగు' అన్న అంకె మనిషి పేరైపోయింది. మెట్ల సమాజం నుంచి వెళ్ళినవాడిని కనుక ఆ ముభావం నాకు వెంటనే అర్థమైంది.

మారినది కూడా ఓటుతోనే. 2021లో సంఘం ఆ మూడింట రెండు వంతుల నిబంధనను రద్దు చేసింది, నాయకత్వం మారింది. 2023 వేసవిలో 3,40,000 మంది తరఫున చర్చలు జరుగుతున్నప్పుడు మేం తెల్లవారుజామున గేటు ముందు నమూనా పికెటింగ్ చేశాం. సమ్మె జరగకుండానే జూలై 25న ఒప్పందం కుదిరింది. ఆగస్టులో 86 శాతం పైగా సభ్యులు ఆమోదించారు. 22.4 తరగతి రద్దయింది. పార్ట్‌టైమ్ కార్మికుడి కూలి గంటకు కనీసం 21 డాలర్లయింది. 2024 నుంచి కొనే డెలివరీ బండ్లకు ఏసీ ఉండాలన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ జయంతి మొదటిసారిగా వేతనంతో కూడిన సెలవయింది. ఆ చివరి అంశం విలువ డబ్బులో తేలదు. 1968లో మెంఫిస్‌లో ఇద్దరు నల్లజాతి పారిశుధ్య కార్మికులు చెత్త ట్రక్కు యంత్రంలో నలిగి చనిపోయారు. 1,300 మంది సమ్మెకు దిగారు. వారికి అండగా వెళ్ళిన కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. చెత్త ఎత్తేవారి సమ్మెలో ప్రాణం పోయిన మనిషి పేరున నాకు ఒక రోజు సెలవు. మ్యాన్‌హోళ్ళలో మనవాళ్ళు చనిపోతున్న దేశం నుంచి వచ్చినవాడికి ఆ రోజు పడుకుని గడపాలనిపించదు.

ఇప్పుడు నా సంగతి. 2025 ఏప్రిల్‌లో యూపీఎస్ 20,000 ఉద్యోగాలు తగ్గిస్తామని, 73 భవనాలు మూసివేస్తామని ప్రకటించింది. పని తగ్గితే జాబితా అడుగు నుంచి కోత మొదలవుతుంది. నా కింద ఇద్దరే ఉన్నారు. లోడింగులో నేను గడిపిన నాలుగేళ్ళు డ్రైవర్ల జాబితాలో లెక్కకు రావు, స్టీవార్డ్ తండ్రికి రానట్టే. మా లోడింగు బెల్టు దగ్గర నల్లజాతివారు, వలస వచ్చినవారు ఎక్కువ. ఎవరి తేదీలు ఆలస్యమవుతున్నాయో చూడడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. అలాగని సీనియారిటీని కూల్చేయమని నేను అనను. అది పోతే దాని స్థానంలో పైవాడి ఇష్టాయిష్టాలు వస్తాయి, వాటి వేషం ప్రతిభ. గేటు లోపల తేదీ కావాలి. గేటు దగ్గర ఎవరిని ఎన్నాళ్ళు ఆపారన్న లెక్క కూడా కావాలి. మొదటిది సంఘం పని, రెండోది రిజర్వేషన్ పని. ఈ రెండింటినీ పోటీదార్లుగా నిలబెట్టే వాదన ఎర్రజెండా వైపు నుంచి వచ్చినా నీలిజెండా వైపు నుంచి వచ్చినా అది మనల్ని సగం మనుషులుగానే మిగులుస్తుంది.

ఈ మాట హైదరాబాద్‌లో మరింత అవసరం. మా చిన్నక్క కొడుకు అక్కడ ఒక యాప్ కోసం బైకు మీద సరుకులు చేరవేస్తాడు. యాప్ భాషలో వాడు ఉద్యోగి కాదు, 'భాగస్వామి'. దేశంలో 2020-21లో ఇలాంటి గిగ్ కార్మికులు 77 లక్షల మంది అని, 2029-30కి 2.35 కోట్లు అవుతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. రాజస్థాన్ 2023లో వారి కోసం దేశంలోనే మొదటి చట్టం చేసింది. ఒకరోజు వాడి ఐడీ ఆగిపోయింది. కారణం తెలియదు, అడగడానికి మనిషి లేడు. నా ఉత్తరాల డబ్బా కథ, ఆ రెండో కుర్చీ కథ చెప్పాను. కాసేపు విని అన్నాడు: "మామా, నీకు పక్కన కుర్చీ ఉంది. మమ్మల్ని పిలవడానికి గదే లేదు." వాడు మూడేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఎప్పుడు చేరాడన్నది ఎవరికీ అక్కరలేదు, ఎందుకంటే పాతబడితే వచ్చే హక్కేదీ లేదు. తేదీ లేని మోత మా ఇంట్లో మళ్ళీ మొదలైంది. ఆ పనిలోకి ఏ వాడల పిల్లలు వస్తున్నారో, ఆ యాప్‌ల ఆఫీసుల్లో ఎవరి పిల్లలు కూర్చుంటున్నారో లెక్క తీయమని విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులను కోరుతున్నాను. సంఘం పెట్టుకుంటున్న ఆ పిల్లల మొదటి డిమాండ్ల పత్రంలో మూడు విషయాలు రాయించండి: చేరిన తేదీ నమోదు కావాలి, ఐడీ ఆపే ముందు సాక్షి ఎదుట విచారణ జరగాలి, ఎవరి కులం ఏ మెట్టు దగ్గర ఆగుతోందో బయటపెట్టే లెక్క ఉండాలి.

మా ఒప్పందం 2028 జూలై 31న ముగుస్తుంది. కొత్త డిమాండ్ల కోసం సంఘం సభ్యుల సూచనలు అడుగుతుంది. మా లోకల్ సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టాలని రాసుకున్నాను: లోడరు డ్రైవరైనప్పుడు లోడింగు సంవత్సరాలు కూడా సీనియారిటీలో కలవాలి. దాని వల్ల నేను లాభపడతాను, దాచుకోవడం ఎందుకు. బయటి నుంచి నేరుగా డ్రైవర్లుగా వచ్చి నాకు పైన ఉన్న కొందరు కిందికి జరుగుతారు, వారిలో నాకు బాగా కావలసినవారూ ఉన్నారు. వారితో ఇప్పటికే మాట్లాడుతున్నాను. ఒకరు కోపగించుకున్నారు, ఇద్దరు ఆలోచిస్తామన్నారు. స్టీవార్డ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తన తండ్రి చిన్న బండి సంగతి కూడా అందులో చేర్చమన్నాడు. చేర్చాను. మా తాత సంగతి కూడా ఒక వాక్యం రాశాను.